రెండు ప్రాంతాల గ్రీన్‌హౌస్ వాయువుల వాటాను పోల్చడం ఎలా? యూరప్, దక్షిణాసియా లెక్కతో

ప్రపంచం మొత్తం విడుదల చేసిన గ్రీన్‌హౌస్ వాయువుల్లో 2019లో యూరప్ వాటా 8 శాతం. దక్షిణాసియా వాటా కూడా 8 శాతమే. 1990లో అవి 16, 5 శాతాలు. ఇవి ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల శాస్త్ర సంఘం (ఐపీసీసీ) ఆరో నివేదికలో, 2022 ఏప్రిల్‌లో వచ్చిన మూడో భాగంలోని అంకెలు. వీటిని చూసి ఒకరు "యూరప్ తన కాలుష్యాన్ని సగానికి తగ్గించేసింది" అంటారు. ఇంకొకరు "ఇప్పుడు మనమూ వాళ్లూ సమానమే, ఇక మనల్ని తప్పుపట్టొద్దని ఎలా అంటాం?" అంటారు. అంకెలు సరైనవే, వాటి నుంచి తీసిన ఈ రెండు మాటలూ తప్పు.

ఎవరు ఎంత తగ్గించాలి, ఎవరు ఎవరికి డబ్బు ఇవ్వాలి అని ఏటా వాతావరణ సదస్సుల్లో జరిగే గొడవంతా ఇలాంటి అంకెల మీదే నడుస్తుంది. అందుకే ఈ లెక్క మీ చేత్తో మీరు వేయగలగాలి. పోటీ పరీక్షలకు చదివేవాళ్లకు, విద్యార్థులకు పాఠం చెప్పేవాళ్లకు, వార్తలు రాసేవాళ్లకు ఇది మరీ అవసరం. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ చాలు. ఎక్కువ సంవత్సరాలు పోల్చాలంటే ఎక్సెల్ లాంటి స్ప్రెడ్‌షీట్ ఉంటే పని సులువవుతుంది.

ముందు ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"యూరప్ ఎక్కువా, దక్షిణాసియా ఎక్కువా?" అనేది ప్రశ్న కాదు. ఏ ఏడాదికి? ఏ వాయువులు? మొత్తమా, తలసరా? ఏటా వదిలేదా, ఇన్నేళ్లుగా వదిలిందంతా కలిపా? ఈ నాలుగూ తేలకుండా డేటా దించుకుంటే, మీకు నచ్చిన జవాబు వచ్చేదాకా ఫైళ్లు మారుస్తూ పోతారు. ఈ వ్యాసంలో మనం తీసుకునే ప్రశ్న ఇది: "1990 నుంచి 2019 వరకు ప్రపంచ గ్రీన్‌హౌస్ ఉద్గారాల్లో యూరప్, దక్షిణాసియాల వాటా ఎలా మారింది, ఎందుకు మారింది?" ఇందులో 'ఎందుకు' అన్న మాట ముఖ్యం. చాలా పోలికలు 'ఎలా' దగ్గరే ఆగిపోతాయి.

ముగింపు సంవత్సరం ఎంచుకునేటప్పుడు 2020ని తప్పించండి. కోవిడ్ లాక్‌డౌన్లతో ఆ ఏడాది ప్రపంచమంతటా ఉద్గారాలు పడిపోయాయి. భారత ప్రభుత్వం ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన నివేదిక ప్రకారమే మన దేశ ఉద్గారాలు 2019తో పోలిస్తే 7.93 శాతం తగ్గాయి. అది విధానాల వల్ల వచ్చిన తగ్గుదల కాదు. ప్రారంభ సంవత్సరంగా 1990ని వాడటం అంతర్జాతీయ ఒప్పందాల్లో అలవాటు. కానీ దానికీ ఒక చిక్కుంది. 1990 తర్వాత సోవియట్ యూనియన్ కూలి, తూర్పు యూరప్‌లో పాత కర్మాగారాలు వరసగా మూతపడ్డాయి. అక్కడి ఉద్గారాలు పర్యావరణం మీద ప్రేమతో కాక, ఆర్థిక వ్యవస్థలు కుప్పకూలడంతో తగ్గాయి. వీలైతే 2000, 2010 అంకెలు కూడా మధ్యలో పెట్టుకోండి, దారి ఎక్కడ వంగిందో కనబడుతుంది.

హద్దులు గీయండి

ప్రాంతం పేరు ఒకటే అయినా లోపలి దేశాలు మారిపోతుంటాయి. 'యూరప్' అంటే ఒకచోట 27 దేశాల యూరోపియన్ యూనియన్. ఇంకోచోట బ్రిటన్, నార్వే, స్విట్జర్లాండ్ కూడా కలుస్తాయి. ఖండం అంటే రష్యా కూడా వచ్చేస్తుంది. బ్రిటన్ 2020లో యూనియన్ నుంచి వెళ్లిపోయింది కాబట్టి పాత పట్టికల్లో 28 దేశాల మొత్తం, కొత్తవాటిలో 27 దేశాల మొత్తం ఉంటాయి. 1990కి పాత పట్టిక, 2019కి కొత్త పట్టిక తీసుకుంటే, ఒక్క పొయ్యి ఆరకుండానే యూరప్ ఉద్గారాలు తగ్గినట్టు కనిపిస్తాయి.

దక్షిణాసియాతోనూ ఇదే తంటా. ఐపీసీసీ లెక్కలో భారత్, పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్, భూటాన్, మాల్దీవులు, అఫ్గానిస్తాన్ ఉన్నాయి. ఐక్యరాజ్యసమితి గణాంక విభాగం ఇదే పేరుతో వాడే జాబితాలో ఇరాన్ కూడా ఉంటుంది. అది చిన్న తేడా కాదు. చమురు, గ్యాస్ మీద నడిచే ఇరాన్ ఇటీవలి సంవత్సరాల్లో ఏటా 70 కోట్ల టన్నులకు పైగా కార్బన్ డయాక్సైడ్ వదులుతోంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్, శ్రీలంక, నేపాల్ నాలుగూ బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చి వదిలేది కలిపినా అంత కాదు.

కాబట్టి ఒక కాగితం మీద రెండు ప్రాంతాల దేశాల జాబితా రాసుకోండి. అన్ని సంవత్సరాలకూ అదే జాబితా వాడండి. అంతర్జాతీయ విమానాలు, ఓడలు వదిలే పొగ ఏ దేశం ఖాతాలోనూ పడదు. ప్రపంచ మొత్తంలో అది సుమారు 2 శాతం. అన్ని ప్రాంతాల వాటాలు కలిపితే 100 రాకపోవడానికి తరచుగా కారణం అదే, కంగారు పడొద్దు.

ఏ వాయువుల లెక్క?

వార్తల్లో 'కర్బన ఉద్గారాలు' అని ఒకే మాట వాడతారు. దాని వెనక కనీసం మూడు వేర్వేరు లెక్కలుంటాయి: ఒకటి, బొగ్గు, చమురు, గ్యాస్ కాల్చడం వల్ల, సిమెంట్ తయారీ వల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ మాత్రమే; రెండు, దానికి అడవుల నరికివేత, భూమి వాడకంలో మార్పులు కలిపితే వచ్చేది; మూడు, మీథేన్, నైట్రస్ ఆక్సైడ్, ఏసీల్లో ఫ్రిజ్‌ల్లో వాడే ఫ్లోరిన్ వాయువులు కూడా కలిపిన మొత్తం.

దక్షిణాసియా విషయంలో ఈ ఎంపిక వల్ల చాలా తేడా వస్తుంది. గోదావరి, కృష్ణా డెల్టాల నుంచి బంగ్లాదేశ్ దాకా నీరు నిలిచిన వరి మళ్లలో గాలి ఆడని మట్టిలోని సూక్ష్మజీవులు మీథేన్ తయారుచేస్తాయి. ఆవులు, గేదెల నెమరులో మీథేన్ వస్తుంది. యూరియా వేసిన పొలం నుంచి నైట్రస్ ఆక్సైడ్ వస్తుంది. 2020కి భారత్ ఇచ్చిన లెక్కలో మీథేన్ 13.32 శాతం, నైట్రస్ ఆక్సైడ్ 5.13 శాతం. కార్బన్ డయాక్సైడ్ ఒక్కటే చూస్తే ఈ ఐదో వంతు లెక్కలోంచి జారిపోతుంది.

వాయువులన్నిటినీ ఒకే కొలతలోకి తేవడానికి 'కార్బన్ డయాక్సైడ్ సమానం' అనే యూనిట్ వాడతారు. వందేళ్లలో ఒక టన్ను మీథేన్ ఎన్ని టన్నుల కార్బన్ డయాక్సైడ్ అంత వేడెక్కిస్తుందో ఆ సంఖ్యతో హెచ్చిస్తారు. ఆ సంఖ్య శాస్త్రం పెరిగేకొద్దీ మారింది: 1990ల నాటి నివేదికల్లో 21, తర్వాత 25, ఆపైన 28. ఆరో నివేదికలో పశువులు, వరి లాంటి జీవ వనరుల మీథేన్‌కు 27, బొగ్గు గనులు, గ్యాస్ పైపుల నుంచి వచ్చేదానికి 29.8. ఒక దేశం 10 లక్షల టన్నుల మీథేన్ వదిలిందనుకోండి. 21తో హెచ్చిస్తే 2.1 కోట్ల టన్నులు, 28తో హెచ్చిస్తే 2.8 కోట్లు. పొలంలో ఏమీ మారలేదు, అంకె మూడో వంతు పెరిగింది. పాత నివేదిక నుంచి ఒక ఏడాది, కొత్త నివేదిక నుంచి ఒక ఏడాది తీసుకుని పోల్చేవాళ్లు పడే గుంట ఇది. వందేళ్లకు బదులు 20 ఏళ్ల లెక్క వాడే పట్టికలూ ఉన్నాయి, వాటిలో మీథేన్ 80 రెట్ల ప్రాంతంలో ఉంటుంది. పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఏ సంఖ్య వాడారో రాసి ఉంటుంది. అది చదివాకే ముందుకు వెళ్లండి.

అడవుల విషయంలో కూడా ఒక మాట. దేశాలు తమ నివేదికల్లో అడవులు పీల్చుకునే కార్బన్‌ను ఉదారంగా తీసివేసుకుంటాయి. శాస్త్రవేత్తల నమూనాలు అంతగా తీసివేయవు. ప్రపంచ స్థాయిలో ఈ తేడా ఏటా సుమారు 550 కోట్ల టన్నులు. భారత్ 2020 మొత్తం 295.9 కోట్ల టన్నులు, అడవులు, చెట్లు పీల్చింది తీసేస్తే 243.7 కోట్లు. ఒక ప్రాంతానికి తీసేసిన అంకె, రెండోదానికి తీయని అంకె పెట్టడం అన్యాయం.

డేటా ఎక్కడ, ఎలా?

యూరోపియన్ కమిషన్ పరిశోధన కేంద్రం నడిపే ఎడ్గార్, గ్లోబల్ కార్బన్ ప్రాజెక్ట్, వాటి అంకెలను తేలిగ్గా దించుకునేలా పెట్టే అవర్ వరల్డ్ ఇన్ డేటా. ఈ మూడూ ఉచితం. ఎడ్గార్‌లో అన్ని వాయువులూ ఉంటాయి. గ్లోబల్ కార్బన్ ప్రాజెక్ట్ ప్రధానంగా కార్బన్ డయాక్సైడ్‌ది, కాని చాలా వెనక్కి వెళ్తుంది. ప్రభుత్వాలు స్వయంగా ఇచ్చే నివేదికలు ఐక్యరాజ్యసమితి వాతావరణ మార్పుల ఒప్పంద సంస్థ (యూఎన్‌ఎఫ్‌సీసీసీ) దగ్గర ఉంటాయి. సంపన్న దేశాలు 1990 నుంచి ప్రతి ఏడాదికీ ఇచ్చాయి. భారత్ లాంటి దేశాలు కొన్ని ఎంచుకున్న సంవత్సరాలకే ఇచ్చాయి. అందుకే కాలక్రమ పోలికకు ప్రభుత్వ నివేదికల కన్నా ఎడ్గార్ లాంటి ఒకే పద్ధతి ఉన్న డేటా మేలని నా అభిప్రాయం. ఏది వాడినా రెండు ప్రాంతాలకూ, ప్రపంచ మొత్తానికీ ఒకే మూలం ఉండాలి.

ఫైలు తెరవగానే ఒక పని చేయండి. దేశాల వరుసల మధ్యలో 'ప్రపంచం', 'ఆసియా', 'అధికాదాయ దేశాలు' లాంటి వరుసలు కూడా ఉంటాయి. అవి ఉండగానే మొత్తం కూడితే ఒక దేశం రెండుమూడు సార్లు లెక్కలోకి వస్తుంది. వాటిని వేరే షీట్‌లోకి తీసేయండి, ప్రపంచం వరుస మాత్రం దగ్గర పెట్టుకోండి.

యూనిట్ల గురించి మన పాఠకులకు ప్రత్యేకంగా చెప్పాలి. ఒక గిగాటన్ అంటే 100 కోట్ల టన్నులు. ఒక మిలియన్ టన్నులు అంటే 10 లక్షల టన్నులు. కొన్ని పట్టికలు కార్బన్ డయాక్సైడ్ కాకుండా కార్బన్ బరువు మాత్రమే ఇస్తాయి. దాన్ని 44తో హెచ్చించి 12తో భాగిస్తే, అంటే సుమారు 3.67 రెట్లు చేస్తే, కార్బన్ డయాక్సైడ్ బరువు వస్తుంది. మీ అంకె మిగతావాళ్ల అంకెలో పావు వంతు కన్నా కాస్త ఎక్కువగా వస్తోందంటే ఇదే కారణమై ఉంటుంది.

ఇప్పుడు అసలు లెక్క

వాటా అంటే ప్రాంతం ఉద్గారాలను ప్రపంచ ఉద్గారాలతో భాగించి 100తో హెచ్చించడం. అంతవరకు బడిపిల్లలకూ తెలుసు. ఇక్కడి నుంచి వెనక్కి నడవాలి, వాటా నుంచి టన్నులకు.

1990లో ప్రపంచ మొత్తం 3,800 కోట్ల టన్నులు. అందులో యూరప్ 16 శాతం అంటే సుమారు 610 కోట్ల టన్నులు. దక్షిణాసియా 5 శాతం అంటే 190 కోట్లు. 2019లో ప్రపంచ మొత్తం 5,900 కోట్లకు పెరిగింది. అందులో 8 శాతం అంటే సుమారు 470 కోట్లు, ఇద్దరికీ అంతే. అంటే యూరప్ వాటా సగమైంది గానీ, వదిలిన వాయువు 610 నుంచి 470 కోట్లకు, దాదాపు 23 శాతం మాత్రమే తగ్గింది. దక్షిణాసియా వాటా 5 నుంచి 8కి పెరిగింది గానీ, వదిలిన వాయువు దాదాపు రెండున్నర రెట్లయింది. వాటా ఒకరి తగ్గుదలను పెద్దదిగా చూపింది, ఇంకొకరి పెరుగుదలను చిన్నదిగా చూపింది.

ఇక 'ఎందుకు' అన్న ప్రశ్నకు రండి. యూరప్ వాటా 16 నుంచి 8కి, అంటే 8 శాతం పాయింట్లు పడింది. ఇందులో ఎంత యూరప్ స్వయంగా తగ్గించుకున్నది, ఎంత మిగతా ప్రపంచం పెరగడం వల్ల వచ్చినది? యూరప్ 610 కోట్ల దగ్గరే ఆగిపోయి ఉందనుకోండి, ప్రపంచ మొత్తం మాత్రం 5,900 కోట్లు అనుకోండి. 610ని 5,900తో భాగిస్తే 10.3 శాతం. అంటే యూరప్ ఏమీ చేయకపోయినా వాటా 16 నుంచి 10.3కి పడేది. 8 పాయింట్లలో 5.7 ఇతరుల పెరుగుదల వల్ల, 2.3 మాత్రమే సొంత తగ్గింపు వల్ల.

దీన్ని తిరగేసి కూడా చేయండి, ఎందుకంటే వరుస మారితే జవాబు కొంత మారుతుంది. ముందు యూరప్ 140 కోట్లు తగ్గించుకుందని, మిగతా ప్రపంచం 1990 దగ్గరే ఉందని అనుకుంటే మొత్తం 3,660 కోట్లు, అందులో 470 అంటే 12.8 శాతం. ఈ దారిలో సొంత తగ్గింపు ఖాతాలో 3.2 పాయింట్లు, ఇతరుల ఖాతాలో 4.8 పడతాయి. నిజం ఈ రెండింటి మధ్య ఉంటుంది. ఏ దారిలో వెళ్లినా వాటా పడటానికి సగానికి పైగా కారణం మిగతావాళ్లు పెరగడమే. యూరప్ చేసిన తగ్గింపు నిజమైనదే, గాలి విద్యుత్తు, సౌర విద్యుత్తు పెరిగి బొగ్గు తగ్గింది, దాన్ని తక్కువ చేయక్కర్లేదు. కాని 'సగానికి తగ్గించింది' అనడానికి ఈ అంకెల్లో ఆధారం లేదు.

ఈ రెండు లెక్కలు వేయకుండా వాటా మార్పు గురించి ఒక్క వాక్యం కూడా రాయకండి.

మరొకటి, 16 నుంచి 8కి పడితే '8 శాతం తగ్గింది' అని రాస్తుంటారు. అది 8 శాతం పాయింట్లు, లేదా 50 శాతం. పాఠకుడికి ఏది చెబుతున్నారో తేల్చి చెప్పండి. మనం పూర్ణాంకాలతో లెక్క వేశాం కాబట్టి, 8 శాతం అన్నది నిజానికి 7.5 నుంచి 8.5 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు, అంటే 443 నుంచి 501 కోట్ల టన్నులు. దానికి తోడు ప్రపంచ మొత్తం మీదే 660 కోట్ల టన్నుల మేర అటూ ఇటూ అనిశ్చితి ఉందని ఐపీసీసీ చెబుతోంది. ఇంధనం నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ మీద అనిశ్చితి 8 శాతమే, మీథేన్ మీద 30 శాతం, నైట్రస్ ఆక్సైడ్ మీద 60, భూమి వాడకం మీద 70. పొలాలు, పశువులు ఎక్కువగా ఉన్న మన ప్రాంతం అంకె ఆ మేరకు ఇంకాస్త వదులుగా ఉంటుంది. కాబట్టి '7.93 శాతం, 8.04 శాతం' అని దశాంశాలు పెట్టి ఎవరు ముందున్నారో తేల్చే ప్రయత్నం మానుకోండి. ఇద్దరూ దాదాపు ఒకే మొత్తం వదిలారు అనండి, చాలు.

జనాభాతో కూడా పోల్చండి

2019లో యూరప్ జనాభా సుమారు 62 కోట్లు, దక్షిణాసియా జనాభా 183.6 కోట్లు. 470ని 62తో భాగిస్తే తలసరి 7.6 టన్నులు. 470ని 183.6తో భాగిస్తే 2.6 టన్నులు. ఐపీసీసీ ప్రచురించినవి 7.8, 2.6. యూరప్ దగ్గర వచ్చిన ఆ చిన్న తేడా మనం గుండ్రం చేయడం వల్ల. ప్రపంచ సగటు సుమారు 7.7 టన్నులు.

నాకు ఇంకా నచ్చే పద్ధతి ఉద్గారాల వాటాను జనాభా వాటాతో భాగించడం. ప్రపంచ జనాభా అప్పటికి సుమారు 770 కోట్లు. అందులో యూరప్ 8 శాతం, దక్షిణాసియా 24 శాతం. యూరప్‌కు 8 బై 8, అంటే 1. దక్షిణాసియాకు 8 బై 24, అంటే మూడో వంతు. ప్రపంచంలో ప్రతి నాలుగో మనిషి ఉండే ప్రాంతం పన్నెండో వంతు పొగ వదులుతోందన్నమాట. 'మనమూ వాళ్లూ సమానమే' అన్న మాటకు సమాధానం ఇదే.

సగటు అనేది ప్రాంతం లోపలి తేడాలను దాచేస్తుందని కూడా పాఠకుడికి చెప్పాలి. హైదరాబాద్‌లో రెండు కార్లు, నాలుగు ఏసీలు ఉన్న ఇల్లూ, ఆదిలాబాద్ గూడెంలో కట్టెల పొయ్యి మీద వండుకునే ఇల్లూ ఆ 2.6లోనే ఉన్నాయి.

ఇన్నేళ్ల మొత్తం

కార్బన్ డయాక్సైడ్‌లో కొంత భాగం వందల ఏళ్లు గాలిలోనే ఉంటుంది. కాబట్టి ఈ ఏడాది ఎవరు ఎంత వదిలారన్నది సగం కథే. 1850 నుంచి 2019 వరకు మనుషులు వదిలిన కార్బన్ డయాక్సైడ్ నికరంగా సుమారు 2.4 లక్షల కోట్ల టన్నులు. అందులో యూరప్ వాటా 16 శాతం, దక్షిణాసియాది 4 శాతం. అంటే 38,400 కోట్ల టన్నులు, 9,600 కోట్ల టన్నులు. ఏటా వదిలేదాంట్లో సమానమైన ఇద్దరూ మొత్తం లెక్కలో ఒకటికి నాలుగు తేడాతో ఉన్నారు. దీన్ని 2019 జనాభాతో భాగిస్తే యూరప్‌లో మనిషికి సుమారు 620 టన్నులు, దక్షిణాసియాలో 52 టన్నులు.

ఈ మెట్టులో రెండు జాగ్రత్తలు. ఇక్కడ కార్బన్ డయాక్సైడ్‌నే కూడాలి. మీథేన్ పన్నెండేళ్ల ప్రాంతంలో చాలావరకు విచ్ఛిన్నమైపోతుంది, దాన్ని 170 ఏళ్ల పాటు కూడుకుంటూ పోవడం సరికాదు. రెండోది, ఆ మొత్తంలో 42 శాతం 1990 తర్వాతే వచ్చింది. 'అంతా పాత తరాల పాపం' అని మనం తప్పుకోవడానికి ఈ లెక్క వీలివ్వదు.

వస్తువులు వాడే చోట ఉద్గారాలను లెక్కించే పద్ధతి కూడా ఉంది. తిరుప్పూర్‌లో కుట్టిన చొక్కా పారిస్‌లో అమ్ముడైతే, దాని తయారీలో వచ్చిన పొగను ఫ్రాన్స్ ఖాతాలో వేస్తారు. అలా చూస్తే యూరప్ అంకె పెరుగుతుంది, భారత్ అంకె కొంత తగ్గుతుంది. ఈ డేటా ఎక్కువగా 1990 నుంచి, కార్బన్ డయాక్సైడ్‌కే దొరుకుతుంది. పై లెక్కలతో కలపకుండా వేరుగా చూపండి.

గీసి, రాయడం

ఒకే బొమ్మలో అన్నీ ఇరికించకండి. రెండు గీతల గ్రాఫ్ ఒకటి వాటాకు, దాని కింద అదే వెడల్పులో ఇంకొకటి టన్నులకు. నిలువు అక్షం రెండింట్లోనూ సున్నా నుంచి మొదలవ్వాలి. తలసరి అంకెలు చిన్న పట్టికగా పక్కన పెట్టండి.

గ్రాఫ్ కింద రాసే వాక్యం ఇలా ఉండొచ్చు: "1990-2019 మధ్య యూరప్ వాటా 16 నుంచి 8 శాతానికి తగ్గింది, వదిలిన వాయువులు దాదాపు 23 శాతం తగ్గాయి, దక్షిణాసియా వాటా 5 నుంచి 8 శాతానికి పెరిగింది, వాయువులు సుమారు రెండున్నర రెట్లయ్యాయి. 2019లో తలసరి 7.8, 2.6 టన్నులు. అన్ని గ్రీన్‌హౌస్ వాయువులు, భూమి వాడకం కలిపి, వందేళ్ల లెక్క, రష్యా, ఇరాన్ లేకుండా." పొడవుగా ఉందని చివరి ముక్క కొట్టేయకండి. ఎవరైనా మీ అంకెను ప్రశ్నించినప్పుడు కాపాడేది అదే.

దించుకున్న ఫైలును మార్చకుండా ఒక కాపీ దాచి, పేరులో తేదీ పెట్టండి. ఈ సంస్థలు ప్రతి ఏడాదీ పాత సంవత్సరాల అంకెలను కూడా సవరిస్తాయి. వచ్చే ఏడాది కొత్త ఫైలు దించినప్పుడు 1990 అంకె కాస్త మారి కనిపిస్తే, కొత్త వరుసలను పాత పట్టిక కింద అతికించకుండా, మొత్తం లెక్క కొత్త ఫైలుతో మొదటి నుంచి వేయండి.